కలిసున్న నెలలు ఎన్ని?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 32 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లు దాటింది, ఇంకా ఏ విశేషమూ లేదు. మాది మేనరికం, సొంత మేనత్త కొడుకునే చేసుకున్నాను. బావ కువైట్‌లో డ్రైవరు. పెళ్లయ్యాక మూడు వారాలు ఉండి వెళ్లారు. తర్వాత ఒకసారి రెండు నెలలు, ఇంకోసారి నెలన్నర, మొన్న సంక్రాంతికి నెల రోజులు ఉన్నారు. మళ్లీ దసరాకి 45 రోజుల సెలవు మీద వస్తారు. నాకు నెలసరి 35 నుంచి 45 రోజులకి వస్తుంది. ఫోన్‌లో వీడియోలు చూసి 14వ రోజు లెక్క పెట్టుకుంటున్నాం. సంక్రాంతికి ఇంట్లో వ్రతం, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం ఉన్నాయని ముట్టు ఆపే మాత్రలు వేసుకున్నాను. అత్తయ్య నాతో వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కించింది, ఐదు అయ్యాయి. పక్క ఊళ్లో ఒకాయన ఇచ్చే పొడి వాడమంటున్నారు. ఆడపడుచు ఏమో నేరుగా ఐవీఎఫ్‌కి (టెస్ట్ ట్యూబ్ పద్ధతికి) వెళ్లిపొమ్మంటోంది. మేనరికం వల్లే ఇలా అయిందని వీధిలో అంటున్నారు. బావ "నాకేం లోపం లేదు, నువ్వు చూపించుకో" అంటున్నారు. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సమయం వచ్చిందా? ఇంకా కొన్నాళ్లు ఆగొచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉత్తరమంతా నాలుగేళ్ల చుట్టూనే తిరిగింది. అది చదివాక నేను కాగితం తీసుకుని ఇంకో లెక్క వేశాను. పెళ్లయ్యాక మూడు వారాలు, తర్వాత రెండు నెలలు, ఆ పైన నెలన్నర, మొన్న సంక్రాంతికి నెల. అన్నీ కలిపితే ఐదు నెలల మీద ఒక వారం. మీరిద్దరూ ఒక ఇంట్లో ఉన్నది అంతే. మీ నెలసరి 35, 45 రోజులకి వస్తుంది కాబట్టి ఆ ఐదు నెలల్లో మీకు అండం విడుదలైంది మహా అయితే నాలుగు సార్లు. అందులో సంక్రాంతి నెల లెక్క మాత్రల వల్ల తారుమారైంది, దాని గురించి తర్వాత చెబుతాను.

వీధిలో వాళ్లు నాలుగేళ్లు చూస్తున్నారు. నాకు కనిపిస్తున్నది మూడు నాలుగు అవకాశాలు. ఏ లోపమూ లేని జంటకి కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నూటికి ఇరవై, ఇరవై ఐదు మాత్రమే. అలాంటి వంద జంటలు నాలుగు నెలలు ప్రయత్నిస్తే, ముప్పై నలభై జంటలకి ఇంకా ఏమీ రాదు. వాళ్లలో ఎవరికీ జబ్బు లేదు. కాబట్టి మీకు పిల్లలు పుట్టరు అనే మాట ఇప్పుడు ఎవరు అన్నా నమ్మకండి. మీకు మీరు అనుకుంటుంటే అది కూడా ఆపేయండి.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. వైద్యంలో ఒక లెక్క ఉంది. ఆడమనిషి వయసు 35 లోపు ఉంటే, ఏ జాగ్రత్తలూ వాడకుండా రెండు మూడు రోజులకి ఒకసారి కలుస్తూ 12 నెలలు ప్రయత్నించాలి. అప్పటికీ గర్భం రాకపోతే ఇద్దరూ పరీక్షలకి వెళ్లాలి. 35 దాటితే ఆరు నెలలు చాలు. 40 దాటితే ఆగడం అనే మాటే లేదు. ఈ 12 నెలల గడువు ఎందుకంటే, వంద జంటల్లో ఎనభైకి పైగా మొదటి ఏడాదిలోనే నెల తప్పుతారు. మిగిలిన వాళ్లలో కూడా దాదాపు సగం మందికి రెండో ఏట వస్తుంది. అందరినీ ఆరో నెలలోనే పరీక్షల్లోకి లాగితే, ఊరికే వచ్చే గర్భానికి కూడా మందులు మింగించినట్లు అవుతుంది.

ఈ లెక్క పట్టుకుని మిమ్మల్ని ఆగమని చెప్పొచ్చు. నేను చెప్పను. ఎందుకో వినండి.

మీ ఇంట్లో రెండు గడియారాలు నడుస్తున్నాయి. ఒకటి మీరిద్దరూ కలిసి ఉన్నప్పుడే తిరుగుతుంది. రెండోది మీ వయసుది, బావ కువైట్‌లో ఉన్నా ఇక్కడ ఉన్నా అది ఆగదు. ఇప్పటి వరకు జరిగిన పద్ధతిలోనే సెలవులు వస్తే, 12 నెలలు కలిసి ఉండటం పూర్తయ్యేసరికి ఇంకో ఐదేళ్లు పడుతుంది. అప్పటికి మీకు 37. అండాల సంఖ్య, నాణ్యత ముప్పైల్లో మెల్లగా తగ్గుతూ వచ్చి 35 దాటాక వేగంగా తగ్గుతాయి, గర్భస్రావం అయ్యే అవకాశం కూడా పెరుగుతుంది. పక్కపక్కనే ఉండే భార్యాభర్తల కోసం పెట్టిన గడువును గల్ఫ్ ఇళ్లకి అలాగే వర్తింపజేస్తే అన్యాయం జరిగేది ఆడపిల్లకే. కోనసీమలో, అటు నరసాపురం వైపు ఎన్నో ఇళ్లలో ఇదే పరిస్థితి. అందుకే నేను వాళ్లందరికీ ఒకటే చెబుతాను. సెలవులు వచ్చి పోతుంటే ఏళ్ల కోసం ఎదురు చూడకండి, రెండో సెలవులో కూడా నెల తప్పకపోతే మూడో సెలవు రాకముందే మామూలు పరీక్షలు చేయించుకోండి.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, నిజానికి అదొక్కటే చాలు. 35 రోజులు దాటి వచ్చే నెలసరి. నెలసరి సరిగా రానివాళ్లు 12 నెలల గడువు చూడనక్కర్లేదు, కలిసి ఉన్నది ఒక్క నెలైనా వెళ్లొచ్చు. అండం ఆలస్యంగా విడుదలవుతోందా, కొన్ని నెలల్లో అసలు కావడం లేదా అన్నది తెలుసుకోవాలి. మీ వయసులో దీనికి ఎక్కువగా కనిపించే కారణం పీసీఓఎస్, మన వాళ్లు అండాశయాల్లో నీటి బుడగలు అంటారు. థైరాయిడ్ కావచ్చు, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం కావచ్చు. ఇవన్నీ మందులకి లొంగేవే.

మీ ఉత్తరంలో లేదు కానీ ఇది చదివే మిగతా అమ్మాయిల కోసం చెబుతున్నాను. నెలసరి నొప్పికి మంచం దిగలేకపోతున్నా, కలిసినప్పుడు లోపల నొప్పి ఉన్నా, బట్టలు తడిసిపోయేంత రక్తం పోతున్నా, రెండుసార్లు గర్భం పోయినా, ముందెప్పుడైనా ట్యూబులో (అండం గర్భసంచికి చేరే గొట్టంలో) గర్భం వచ్చినా, పొత్తికడుపు ఆపరేషనో ఇన్ఫెక్షనో జరిగినా గడువు చూడకండి. చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గిపోయినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి గర్భాశయ టీబీ ఒక ముఖ్య కారణం, అది చాలామందిలో బయటికి ఏ గుర్తూ చూపించదు.

ఇప్పుడు బావగారి సంగతి. ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించిన మాట ఇదే, "నాకేం లోపం లేదు, నువ్వు చూపించుకో". ఆయనకి ఆ సంగతి ఎలా తెలుసు? వీర్యంలో కణాలు ఎన్ని ఉన్నాయో, అవి కదులుతున్నాయో లేదో ఒంటి బలాన్ని బట్టి, మీసాన్ని బట్టి, పడకగదిలో సామర్థ్యాన్ని బట్టి తెలియదు. మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కారణం ఉంటుంది, ఒక్కటిగానో ఆడవాళ్ల కారణంతో కలిసో.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక లంక గ్రామం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అరచెయ్యి మందాన ఫైలు. నాలుగేళ్ల మాత్రలు, స్కానింగులు, ఒకసారి గర్భసంచి క్లీనింగ్ కూడా చేశారు. ఆ ఫైలు నిండా ఆ అమ్మాయి పేరే. నేను కూడా రెండు నెలలు ఆమెకే మాత్రలు రాశాను. మూడో నెలలో భర్తని రమ్మని పట్టుబట్టి పరీక్ష చేయిస్తే ఒక్క కణం కూడా లేదు. చిన్నప్పుడు రెండు వైపులా హెర్నియా ఆపరేషన్ జరిగిందట. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను మొదటి రోజే అడగాల్సింది. ఆ రెండు నెలలు ఆ అమ్మాయికి నేను బాకీ. అప్పటి నుంచి భర్త రిపోర్టు చూడకుండా భార్యకి ఒక్క మాత్ర కూడా మొదలుపెట్టను.

వీర్యపరీక్ష అంటే సూది లేదు, మత్తు లేదు, కోత లేదు. మీకు చేసే పరీక్షలన్నింటి కంటే సులువు, ఖర్చు తక్కువ. కలయిక లేకుండా రెండు నుంచి ఏడు రోజులు ఉండి శాంపిల్ ఇవ్వాలి. ల్యాబ్‌లోనే ఇస్తే మంచిది. ఇంటి దగ్గర తీస్తే ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకుని గంట లోపు చేర్చాలి. సబ్బు, నూనె, మామూలు కండోమ్ వాడకూడదు. కొంత కింద పడిపోతే సిగ్గుపడకుండా ల్యాబ్ వాళ్లకి చెప్పాలి, మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ. ఈ పరీక్ష కువైట్‌లోనే చేయించుకోగలిగితే మరీ మంచిది, దసరా సెలవులో ఒక్క రోజు కూడా దీనికి పోదు.

రిపోర్టు చేతికి వచ్చాక కంగారు పడేది ఎక్కడో నాకు తెలుసు. "మామూలు ఆకారం ఉన్నవి 4 శాతం" అని ఉంటే, 96 శాతం పాడైపోయాయని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. 4 శాతం ఉంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం మిల్లీలీటరుకి 1.6 కోట్ల కణాలు, మొత్తం శాంపిల్‌లో 3.9 కోట్లు, కదలిక 42 శాతం, ఇవి కింది హద్దులు. పిల్లలు కలిగిన మగవాళ్లని కొలిచి పెట్టిన హద్దులు ఇవి. అంతకంటే కొంచెం తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, ఆలస్యం కావచ్చని. ఒక్క రిపోర్టు చూసి ఏదీ తేల్చకూడదు. కణం తయారవడానికి రెండు నెలల పైన, దాదాపు 70 రోజులు పడుతుంది. ఈ మధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే ఆ దెబ్బ ఇప్పటి రిపోర్టులో కనిపిస్తుంది. తక్కువ వస్తే మూడు నెలలకి మళ్లీ చేయించాలి. అసలు కణాలే లేకపోతే మాత్రం ఆగకుండా స్పెషలిస్టుని కలవాలి.

ఆ 70 రోజులు మీ చేతిలో ఉన్నాయి, దసరాకి ఇంకా నాలుగు నెలలు ఉంది కదా. ఆయనకి సిగరెట్టు, ఖైనీ, గుట్కా ఉంటే ఈ రోజే ఆపాలి. మందు బాగా తగ్గించాలి. వృషణాలకి వేడి తగిలితే కణాల తయారీ తగ్గుతుంది. గంటల కొద్దీ సీటు దిగకుండా డ్రైవింగ్ చేసేవాళ్లు మధ్యమధ్యలో దిగి నడవాలి, బిగుతు బట్టలు మానాలి. కండలు పెరగడానికని ఎవరైనా ఇంజెక్షన్లు ఇస్తుంటే అవి చాలావరకు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్, అది బయటి నుంచి వేసుకుంటే లోపల కణాల తయారీ ఆగిపోతుంది. షుగర్ చూపించుకోవాలి. చిన్నప్పుడు హెర్నియా ఆపరేషన్, పెద్దయ్యాక వరిబీజం ఆపరేషన్, వయసొచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాయడం లాంటివి జరిగాయేమో మీరే అడగండి. మన డెల్టాలో ఫైలేరియా వల్ల వరిబీజం వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, కానీ ఈ మాట భార్యకి చెప్పినవాళ్లు తక్కువ.

ఆయనతో ఎలా మాట్లాడాలి అంటారా? "నీలో లోపం ఉందేమో చూపించుకో" అని మొదలుపెడితే ఫోన్ పెట్టేస్తారు. "ఇద్దరం ఒకే వారంలో చేయించుకుందాం, నా రిపోర్టు నేను పంపుతాను, నీది నువ్వు పంపు" అనండి. మేనరికంలో ఉన్న చనువు ఇక్కడ వాడుకోండి. చిన్నప్పటి నుంచి తెలిసిన బావ, పరాయివాడు కాదు.

ఇక 14వ రోజు లెక్క. ఇక్కడ మీరు చాలా పోగొట్టుకున్నారు. అండం విడుదలయ్యేది నెలసరి వచ్చిన 14వ రోజున కాదు, రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 28 రోజుల వాళ్లకి ఈ రెండూ ఒకే రోజు పడతాయి, అందుకే వీడియోల్లో అలా చెబుతారు. మీకు 35 రోజులకి వస్తే 21వ రోజు దగ్గర, 45 రోజులకి వస్తే 31వ రోజు దగ్గర. మీరు 14వ రోజున ఎదురుచూసి ఆ తర్వాత వదిలేశారంటే, అసలు సమయం వచ్చేసరికి ఇద్దరూ నిరాశతో ఉన్నారన్నమాట. అండం బతికేది ఒక్క రోజే. కణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి అండం వచ్చే ముందు ఐదారు రోజులే విలువైనవి. మీలాగా రోజులు అటూఇటూ అయ్యేవాళ్లు రోజు వెతకడం మానేయాలి. నెలసరి ఆగిన దగ్గర నుంచి రెండు మూడు రోజులకి ఒకసారి కలుస్తూ ఉంటే ఏ రోజు వచ్చినా దొరుకుతుంది. తెల్లబట్ట కోడిగుడ్డు తెల్లసొనలాగా పల్చగా, సాగేట్టు కనిపిస్తే దగ్గర పడిందని గుర్తు. మందుల షాపులో అమ్మే అండం కిట్లు నీటి బుడగలు ఉన్నవాళ్లలో తప్పుడు గీత చూపించవచ్చు, వాటి మీద ఆధారపడొద్దు.

ఇదే పొరపాటు ల్యాబుల్లో కూడా జరుగుతుంది. అండం విడుదలైందో లేదో చూడటానికి ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పరీక్ష రాస్తారు. అందరికీ 21వ రోజున తీస్తే, 40 రోజుల నెలసరి ఉన్నవాళ్లకి "అండం విడుదల కాలేదు" అనే వస్తుంది. అది రాబోయే నెలసరికి వారం ముందు తీయాల్సిన పరీక్ష. 40 రోజుల లెక్కలో మీకది 33వ రోజు అవుతుంది. మీ తేదీలు డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి. గత ఆరు నెలల తేదీలు క్యాలెండర్ మీద రాసి పట్టుకెళ్లండి, ఏ స్కానింగ్ కంటే ముందు నేను అడిగేది అదే.

ముట్టు ఆపే మాత్రల గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మన ఇళ్లలో వ్రతం అన్నా, తీర్థం అన్నా, పెళ్లి అన్నా మెడికల్ షాపుకి వెళ్లి తెచ్చేసుకోవడం అలవాటైపోయింది. మీ బావ ఉన్న ముప్పై రోజుల్లో కొన్ని రోజులు నెలసరిని వెనక్కి తోశారు. దాంతో తర్వాత అండం వచ్చే సమయం కూడా వెనక్కి జరిగి, ఆయన విమానం ఎక్కాక పడి ఉంటుంది. ఆ సెలవు మొత్తంలో మీకు ఒక్క అవకాశం కూడా దక్కకపోయి ఉండొచ్చు. ఇంకో సంగతి, అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఆ మాత్రలు వేసుకోకూడదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆ మాత్రలు ముట్టుకోవద్దు. దసరాకి ఇంట్లో పూజ ఉంటే ఉండనివ్వండి. ఆ రోజు మీరు గుమ్మం బయట కూర్చున్నా అమ్మవారికి కోపం రాదు.

మీకు చేయాల్సినవి ఎక్కువ లేవు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్, రక్తం శాతం, నెలసరి రెండో మూడో రోజున ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు, ఒక స్కానింగ్. ఏఎంహెచ్ అని ఇంకోటి రాస్తారు. అది అండాల నిల్వ ఎంత ఉందో చెబుతుంది. తక్కువ వచ్చినంత మాత్రాన మామూలుగా గర్భం రాదని కాదు, ఆ ఒక్క అంకె చూపించి తొందరపెడితే ఇంకో డాక్టర్‌ని కలవండి. ట్యూబుల ఎక్స్‌రే బావగారి రిపోర్టు చూశాకే. అది నెలసరి ఆగాక, అండం విడుదలవకముందు చేస్తారు. కాసేపు నెలసరి నొప్పిలా లాగుతుంది, అంతే. క్లీనింగ్ అని, ల్యాపరోస్కోపీ (కడుపులోకి కెమెరా పెట్టి చూడటం) అని మొదటి రోజే రాస్తే ఎందుకు అని అడగండి. కారణం చెప్పాల్సిన బాధ్యత రాసినవాళ్లది.

ఇవన్నీ బావ ఇక్కడ లేకుండానే చేయించుకోవచ్చు. ఇంకో మాట చెప్పాలంటే, ఆయన లేని ఈ నాలుగు నెలలే మంచి సమయం. రుబెల్లా (దద్దుర్ల జ్వరం) రక్షణ ఉందో లేదో చూపించుకోండి, లేకపోతే టీకా వేయించుకోండి. ఆ టీకా తర్వాత నెల రోజులు గర్భం రాకూడదు, మీకు ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి, మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు సరిపోతుంది, షుగర్ కానీ మూర్ఛ మందులు కానీ ఉంటే ఎక్కువ కావాలి. బిడ్డ వెన్నుపాము మూసుకునేది గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లో, చాలామందికి నెల తప్పినట్టు తెలిసేలోపే. అందుకే ముందు నుంచి వేసుకోవాలి. బరువు ఎక్కువగా ఉంటే అందులో నూటికి ఐదు వంతులు తగ్గినా నీటి బుడగలు ఉన్న చాలామందిలో నెలసరి దారిలోకి వస్తుంది. రాత్రి అన్నం కొంచెం తగ్గించి, పొద్దున్నే కాలవగట్టు మీద ముప్పావు గంట నడవండి.

అప్పటికీ అండం విడుదల కాకపోతే లెట్రోజోల్ అనే మాత్రలు ఉన్నాయి, నెలసరి మొదట్లో ఐదు రోజులు వాడతారు, స్కానింగ్‌తో గమనిస్తారు. దసరా సెలవు తేదీలు ముందే చెబితే డాక్టర్ మీ నెలసరిని ఆ తేదీలకి కుదిరేలా చూడగలరు. ఇది చాలామంది అడగరు, అడగండి.

పొడి వద్దు. అందులో ఏముందో ఇచ్చే ఆయన చెప్పడు, సీసా మీద రాసి ఉండదు. ఇలాంటి పొడుల్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలు ఉన్నాయి, అవి అండానికీ మంచివి కావు, పుట్టబోయే బిడ్డకీ మంచివి కావు.

ఆడపడుచు మాట ప్రేమతో అన్నదే. కానీ నాలుగు అవకాశాలు కూడా సరిగా వాడుకోని జంటకి ఐవీఎఫ్ మొదటి మెట్టు కాదు. బావగారి కణాలు బాగా తక్కువైనా, మీ రెండు ట్యూబులూ మూసుకుపోయినా అప్పుడు దాని గురించి మాట్లాడుకోవాలి. సెలవులే అసలు సమస్య అని తేలితే మధ్యలో ఇంకో దారి ఉంది. ఆయన వెళ్లేముందు వీర్యాన్ని శీతలీకరించి భద్రపరిచి, ఆయన లేనప్పుడు మీ అండం సమయానికి గర్భసంచిలోకి ఎక్కించవచ్చు. ఇద్దరి సంతకాలు కావాలి. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి సెంటర్లన్నీ రిజిస్టర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. నూటికి నూరు శాతం గ్యారంటీ అన్నవాళ్ల దగ్గర, మగపిల్లాడిని ఇస్తామన్నవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. రెండోది నేరం కూడా.

ముందు అంత దూరం వెళ్లక్కర్లేదు. అమలాపురంలోనో, రాజోలులోనో మీకు నమ్మకమున్న గైనకాలజిస్టు దగ్గర మొదలుపెట్టొచ్చు. డబ్బు ఇబ్బంది ఉంటే కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రుల గైనిక్ ఓపీలకి వెళ్లండి.

మేనరికం వల్ల గర్భం రాదన్నది నిజం కాదు. దగ్గర సంబంధాల్లో కొన్ని వంశపారంపర్య జబ్బులు పిల్లలకి వచ్చే అవకాశం పెరుగుతుంది, అది వేరే సంగతి. మీ ఇద్దరి వైపు చిన్నప్పుడే పోయిన పిల్లలు, పుట్టుకతో చెవుడు ఉన్నవాళ్లు, మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. గర్భం రాకముందే జన్యు సలహా తీసుకోవచ్చు.

ఇంకొకటి అడగాలి, అడగక తప్పదు. పెళ్లయిన మూడు వారాలకే ఆయన వెళ్లిపోయారు, తర్వాత చాలాకాలం దూరం. ఇలాంటి జంటల్లో కొందరికి కలయిక పూర్తిగా జరగదు. అమ్మాయికి భయంతో కండరాలు బిగుసుకుపోతాయి, అబ్బాయికి సెలవు అయిపోతోందన్న టెన్షన్‌తో ఇబ్బంది వస్తుంది. ఇద్దరూ ఎవరికీ చెప్పుకోరు, పరీక్షలన్నీ నార్మల్ వస్తాయి. మీ ఇద్దరి మధ్య అలాంటిది ఉంటే డాక్టర్‌కి ఆ ఒక్క మాట చెప్పేయండి. మేము వారం వారం వింటాం, దానికి మంచి వైద్యం ఉంది.

చివరిగా మీ అత్తయ్య గారితో ఒక మాట. ఈ పేజీ ఆవిడకి చదివి వినిపించండి. అమ్మా, ఈ పిల్ల మీ అన్నదమ్ముడి కూతురు. మీ చేతుల్లో పెరిగిన పిల్ల ఇప్పుడు మీరు "విశేషమా" అని అడుగుతారేమోనని నెలసరి వచ్చిన రోజు వంటింట్లోకి రావడానికి భయపడుతోంది. పరాయి అత్త అడిగితే అమ్మ దగ్గరికి వెళ్లి ఏడుస్తారు, సొంత మేనత్త అడిగితే ఎక్కడికి వెళ్లాలి? మీ కొడుకుతో పరీక్ష మాట మీరు ఎత్తితే ఆయన వింటారు. కోడలు చెబితే లోపం వెతికినట్టు ఉంటుంది, తల్లి చెబితే అలా ఉండదు. ఈ రాత్రి ఫోన్ వచ్చినప్పుడు చెప్పండి.

వాడపల్లికి మిగిలిన రెండు శనివారాలూ అత్తాకోడళ్లు ఇద్దరూ కలిసే వెళ్లండి. ఏడో శనివారం ప్రదక్షిణలు అయ్యాక వచ్చే సోమవారం, ఆ నెలసరి తేదీలు రాసిన క్యాలెండర్ కాగితం పట్టుకుని, గైనిక్ ఓపీకి కూడా ఇద్దరే వెళ్లండి. బావగారి రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, దసరాకి ముందే.